ఆ ఫారంలో పి.పి. అని రాయడానికి చోటు లేదు

బుధవారం పొద్దున టిఫిను చేసి, చెయ్యి తుడుచుకుని బల్ల ముందు కూర్చున్నాను. తొమ్మిదేళ్ళుగా రోజూ తెరిచే సాఫ్ట్‌వేరు తెరుచుకోలేదు. దాని బదులు తెర మధ్య ఒక చిన్న గడి వచ్చింది. ఈ కంప్యూటరుకు అనుమతి లేదు అని ఇంగ్లీషులో ఉంది అందులో. కింద రెండు బొత్తాలు. ఒకటి సరే అని, ఇంకొకటి సహాయం అని. వద్దు అని చెప్పడానికి బొత్తాం లేదు. నాకు మొదట మండింది అక్కడే.

జరిగింది ఇదీ. సోమవారం సాయంత్రం మేముండే పటమటలో గాలీ వానా వచ్చాయి. కరెంటు పోయింది, వచ్చింది, మళ్ళీ పోయి ఈసారి ఎగిరిపడుతూ వచ్చింది. కంప్యూటరులో టప్‌మని ఒక చప్పుడు, ఆ వెంటనే కాలిన వాసన. మంగళవారం రిపేరు షాపుకు పట్టుకెళితే మదర్‌బోర్డు పోయిందన్నాడు. కొత్తది వేశాడు. లోపల దాచినవన్నీ భద్రంగా ఉన్నాయన్నాడు, నిజంగానే ఉన్నాయి. కానీ ఆ సాఫ్ట్‌వేరు దృష్టిలో బోర్డు మారితే కంప్యూటరు మారినట్టే. అది వేరే కంప్యూటరట, నేను వేరే ఎవరో అట. బల్ల అదే, తెర అదే, మీటల మీద చెరిగిపోయిన అక్షరాలు అవే, కూర్చున్న మనిషినీ నేనే. ఇవేవీ దానికి సాక్ష్యాలు కావు.

నేను చేసే పని ఏమిటో చెప్పాలి. కూచిపూడి నాట్యం చేసేవాళ్ళకు పాట తయారు చేసి ఇస్తాను. గొంతు, మృదంగం, వేణువు, తాళాలు విడివిడిగా రికార్డు చేసి, కంప్యూటరులో ఒకదాని కింద ఒకటి పేర్చి, నాట్యం చేసేవాళ్ళ అడుగుకు సరిపడేలా అమర్చి పెన్‌డ్రైవులో పెట్టి ఇస్తాను. ఒకప్పుడు ఇదే పనికి అయిదుగురు మనుషులు వ్యానులో వాయిద్యాలు వేసుకుని ఊరూరా తిరిగేవాళ్ళు. ఆ అయిదుగురిలో హార్మోనియం వాణ్ణి నేను. ఇప్పుడు ఆ అయిదుగురినీ ఒకే రోజున ఒకే చోటికి రప్పించడం ఎవరి తరమూ కాదు. అందుకని అందరినీ ఆ పెట్టెలో కూర్చోబెట్టాను.

బడి అయిదో తరగతితో ఆగిపోయింది నాకు. హార్మోనియం ఎవరూ నేర్పలేదు. భజనల్లో వాయించేవాళ్ళ వెనక నిలబడి వేళ్ళు చూసి నేర్చుకున్నాను. ఇంగ్లీషు నాకు వచ్చింది ఆంప్లిఫయరు డబ్బాల్లో పెట్టి ఇచ్చే కాగితాల నుంచి. ఒక్కో మాటకీ నిఘంటువు తీసి, అర్థం పక్కన రాసుకుని చదివేవాణ్ణి. అరవై దాటాక కంప్యూటరు నేర్చుకున్నదీ అలాగే. కాబట్టి ఆ గడిలో ఉన్నది అర్థంకాక గాభరాపడ్డానని అనుకోకండి. అర్థమయ్యే కోపం వచ్చింది.

కోపం మాట ఎలా ఉన్నా ఆదివారం దగ్గరికొచ్చేస్తోంది.

మా వీధికి రెండు వీధుల అవతల కరెంటాఫీసులో పనిచేసే ఆవిడ ఒకరున్నారు. నలభయ్యేళ్ళు వచ్చాక కూచిపూడి నేర్చుకోవడం మొదలుపెట్టారు. చిన్నప్పుడు ఇంట్లో ఒప్పుకోలేదట. ఎనిమిదేళ్ళుగా ప్రతి శని ఆదివారాలూ బస్సెక్కి కూచిపూడి వెళ్ళి వస్తున్నారు. ఆవిడ మొదటిసారి వేదిక ఎక్కేది ఆ ఆదివారమే, ఆ ఊళ్ళోనే. ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి తరంగం చెయ్యాలి. ఆ పాట పాడింది ఆవిడ గురువుగారే. ఆరేళ్ళ క్రితం నా ముందు గదిలో కూర్చుని పాడారు. తరవాత ఆమెకు గొంతు ఆపరేషను అయింది. ఇప్పుడు మాట కూడా రాదు, చేత్తో చెబుతారు. ఆ గొంతు విడిగా ఇంకెక్కడా లేదు, నా కంప్యూటరులో తప్ప.

ఆ పాటను అప్పట్లో పదహారేళ్ళ పిల్లల కాళ్ళకు తగినట్టు కట్టాం. చివరి భాగం పరుగులాంటిది. పోయిన ఆదివారం సాధనలో ఆవిడకు ఆ చివర ఊపిరి అందలేదు, పళ్ళెం కాళ్ళ కింద జారింది. సోమవారం పొద్దున ఆఫీసుకు పోతూ మా గుమ్మంలో ఆగారు.

"మాస్టారూ, మొత్తం వద్దండీ. ఆ చివరి ముక్క ఒక్కటీ కాస్త నెమ్మది చెయ్యగలరా? సిగ్గుగా ఉంది అడగడానికి."

"అదెంత పనమ్మా, పది నిమిషాలు," అన్నాను. ఎప్పుడూ అనేసే మాటే.

ఆ సాయంత్రమే వాన వచ్చింది.

ముందే ఇచ్చిన పాట ఆవిడ పెన్‌డ్రైవులో ఉంది కదా, దాన్నే సాగదియ్యచ్చు కదా అని మీకు తోచవచ్చు. రిపేరు షాపతనూ అదే అన్నాడు. అన్నీ కలిపేసిన పాటను సాగదీస్తే మృదంగం దెబ్బ మెత్తబడిపోతుంది. ఠక్ అని పడాల్సింది పాకుతూ పడుతుంది. వినేవాడు గమనించకపోవచ్చు గానీ పళ్ళెం మీద నిలబడ్డ మనిషి కాలికి తెలుస్తుంది. విడివిడిగా ఉన్నవాటిని తెరిచి, మృదంగం ఒక్కో దెబ్బనూ దాని చోట పెట్టాలి. అవి తెరుచుకునేది ఆ సాఫ్ట్‌వేరులో మాత్రమే.

షాపతనికి ఫోను చేశాను.

"సార్, ఎందుకండీ ఇంత కష్టం? క్రాక్ వెర్షను ఎక్కించేస్తా, అరగంట పని. ఊళ్ళో అందరూ అదే వాడేది," అన్నాడు.

"నేను కొన్నాను బాబూ. కొన్నవాణ్ణి దొంగది ఎందుకు వాడాలి?"

"మీరు కొన్నారని వాళ్ళకి తెలియట్లేదు కదా సార్."

నిజానికి ఒక్క నిమిషం ఊగాను. కానీ వన్ టౌనులో ఒకప్పుడు ఫుట్‌పాత్ మీద సీడీలు కుప్పపోసి అమ్మేవాళ్ళు. మేం అయిదుగురం రెండు రోజులు కూర్చుని కట్టిన పాటలు మా పేర్లు కూడా లేకుండా ఆ కుప్పలో కనిపించాయి నాకు. ఆ రోజు ఆ అమ్మేవాడితో నడిరోడ్డు మీద పోట్లాడాను. ఇప్పుడు నేను ఏ మొహం పెట్టుకుని ఆ పని చేయిస్తాను? వద్దన్నాను.

కంపెనీ వాళ్ళకు మెయిలు రాశాను. నిఘంటువు దగ్గర పెట్టుకుని, తప్పుల్లేకుండా, రెండు పేజీలు. వాన దగ్గర మొదలుపెట్టి అంతా రాశాను. గురువారం పొద్దున జవాబు వచ్చింది. మొత్తం నాలుగు లైన్లు. మీరు రాసిన మెయిలు మా దగ్గర నమోదైన యజమానిది కాదు, మీ భద్రత కోసమే ఈ నియమం, నమోదైన మెయిలు నుంచి అడగండి, లేదా మీ అకౌంటులోకి వెళ్ళి పాత కంప్యూటరును తొలగించుకోండి అని.

నా భద్రత కోసం నన్నే బయట నిలబెట్టారన్నమాట. ఆ మాటను మా ఆవిడకు మూడుసార్లు చదివి వినిపించాను.

"కోప్పడితే వాళ్ళకి వినబడదండీ. అకౌంటులోకి వెళ్ళమన్నారు కదా, వెళ్ళండి ముందు," అంది ఆవిడ చిక్కుళ్ళు ఒలుస్తూ.

పాస్‌వర్డు నా నోటుబుక్కులో ఉంది. కొట్టాను. తీసుకుంది. అప్పుడు ఇంకో గడి వచ్చింది. కొత్త కంప్యూటరు నుంచి వస్తున్నారు గనక మీ మెయిలుకు ఆరంకెల కోడు పంపాం, పది నిమిషాల్లో ఇక్కడ వెయ్యండి అని. ఏ మెయిలుకు పంపారో కూడా చూపించింది, మొదటి అక్షరం, చివరి అక్షరం, మధ్యలో వరసగా చుక్కలు. ఆ మొదటి అక్షరం నా పేరులోది కాదు.

చాలాసేపు ఆ అక్షరాన్నే చూస్తూ కూర్చున్నాను. తరవాత గుర్తొచ్చింది. గుర్తొచ్చాక ఇంకాసేపు కూర్చున్నాను.

ఈ కాలం వాళ్ళకు పి.పి. అంటే తెలియదు. ఫోను ఊరంతటికీ పదిళ్ళలో ఉన్న రోజుల్లో మిగతావాళ్ళం ఆ పదిళ్ళ నంబర్లే ఇచ్చుకునేవాళ్ళం. నంబరు రాసి పక్కన పి.పి. అని రాస్తే, ఈ ఫోను మాది కాదు, కానీ చేస్తే పిలుస్తారు అని అర్థం. పెళ్ళి శుభలేఖల మీద, రేషను కార్డు మీద, గ్యాసు పుస్తకం మీద అలాగే రాసేవాళ్ళం. మా బృందం కరపత్రం మీద ఉన్న నంబరు వన్ టౌనులో హార్మోనియంలు చేసే ఒక సాయిబుగారి దుకాణానిది. నేనప్పుడు ఆ దుకాణానికి ఎదురు సందులో మేడ మీద గదిలో ఉండేవాణ్ణి. ఫోను వస్తే ఆయన బయటికొచ్చి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి, "మాస్టారూ, అవనిగడ్డ!" అని ఊరి పేరు కేకవేసేవాడు. బళ్ళూ ఆటోలూ హమాలీల అరుపులూ దాటుకుని ఆ కేక నాకు చేరేది. ఇరవై ఏళ్ళకు పైగా నా కచేరీలన్నీ ఆ కేకతోనే వచ్చాయి. నన్ను మాస్టారు అని మొదట పిలిచిందీ ఆయనే. నేను ఆయన్ను భాయ్ అనేవాణ్ణి. ఇద్దరం ఒకరినొకరం మీరు అనుకునేవాళ్ళం.

ఆ అలవాటు మనిషిని వదిలిపెట్టదు. తొమ్మిదేళ్ళ క్రితం ఈ సాఫ్ట్‌వేరు కొన్నది ఆయన దుకాణంలో, ఆయన కంప్యూటరు మీద కూర్చునే. నాకప్పటికి మెయిలు లేదు, సెల్‌ఫోను కూడా కావాలని పెట్టుకోలేదు. మెయిలు ఇవ్వమని ఫారం అడిగింది.

"మీది రాసెయ్యండి భాయ్. పక్కన పి.పి. అని పెట్టండి," అన్నాను.

"ఇందులో పి.పి.కి చోటు లేదు మాస్టారూ."

"లేకపోతే పోనివ్వండి. మనకు తెలుసు కదా."

మాకు తెలుసు. ఆ ఫారానికే తెలియదు. తరవాత నేను సొంత మెయిలు పెట్టుకున్నాను, ఫోను పెట్టుకున్నాను, ఈ ఒక్కటి మార్చాలని తోచలేదు. బోర్డు మారనంత కాలం అడిగినవాడూ లేడు.

సరే, వెళ్ళి ఆ ఆరంకెలూ అడిగితే సరిపోయేది. కానీ మూడేళ్ళుగా నేను ఆ సందులోకి వెళ్ళలేదు.

నా హార్మోనియం ఒకటుంది, ఆయన చేసిందే. మూడేళ్ళ క్రితం తోలు తిత్తి గాలి వదిలేస్తోందని ఆయనకు ఇచ్చాను. ఆయన తిత్తి కుట్టి, లోపల రీడ్లు కూడా చూశాడు. గాలికి మోగే ఇత్తడి నాలుకలనే మేం రీడ్లంటాం. ఒక స్థాయిలోవి తేమకు చిలుము పట్టాయని, నన్ను అడక్కుండా అవి తీసి కొత్తవి వేశాడు. నేను వెళ్ళి వాయించి చూశాను. చేతికి కొత్తగా ఉంది. దుకాణంలో అయిదారుగురు ఉన్నారు. వాళ్ళందరి ముందు, "ఇది నా పెట్టె కాదు. నా పెట్టెను ఏం చేశావు నువ్వు?" అన్నాను. ఆయన మూత వేసి, గుడ్డ చుట్టి ఇచ్చాడు. పాత రీడ్లు పొట్లం కట్టి ఉంచాడు, అవి కూడా ఇచ్చాడు. నేను పొట్లం అక్కడే వదిలేసి వచ్చేశాను.

ఆ గురువారం మధ్యాహ్నం పటమట నుంచి ఆటో ఎక్కాను. దారి పొడుగునా కంపెనీ వాణ్ణి మనసులో తిట్టుకుంటున్నాను. ఒక్క బోర్డు మారిస్తే కంప్యూటరు వేరేదైపోతుందా, తొమ్మిదేళ్ళు వాడిన మనిషి చెయ్యి తెలియదా, అని. కెనాల్ దాటుతుండగా నా మాటలు నాకే వినిపించాయి. తిట్టడం ఆపేశాను.

దుకాణం సగానికి కుంచించుకుపోయింది. ఆ సగంలో స్పీకర్లూ కరోకే మైకులూ అమ్ముతున్నారు. మిగిలిన సగంలో ఆయన చాప మీద కూర్చుని ఒక పెట్టె మెట్లు విప్పుతున్నాడు. గడ్డం పూర్తిగా తెల్లబడింది. తలెత్తి చూశాడు.

"రండి మాస్టారూ. దారి తప్పారా?"

"తప్పలేదు భాయ్. ఇక్కడికే వచ్చాను."

"ఆ ఫోను తీసేసి చానాళ్ళయింది. మీకు కేకలు వేసేవాడు ఎవడూ లేడిక్కడ."

"వేశారు భాయ్. కంపెనీ వాళ్ళు వేశారు."

ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. నేను నిలబడే చెప్పాను. వాన, బోర్డు, పళ్ళెం మీద ఆవిడ, గురువుగారి గొంతు, ఆదివారం, చుక్కల మధ్య ఆయన పేరులోని అక్షరం. ఆయన వింటూ వింటూ నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"అంటే ఇప్పుడు మీ కంప్యూటరు నా మాట వింటుందా?"

"మీ మాటే వింటుంది. నా మాట వినదు."

"మా ఇంట్లో నా మాట వినే దిక్కు లేదు. సముద్రాల అవతల కంపెనీ వింటుందంటే మంచిదే కదండీ. కూర్చోండి మరి, అప్పులవాడిలా నిలబడ్డారేంటి?"

కూర్చున్నాను. ఆయన ఫోను తీసి, కళ్ళకు దూరంగా పట్టుకుని నాకు చూపించాడు. మెయిల్లో ఒక అర, దాని పేరు మాస్టారు. ఆ కంపెనీ పంపిన ఉత్తరాలన్నీ అందులో ఉన్నాయి. వందకు పైనే. కొత్త వాయిద్యాలు వచ్చాయని, పండగ తగ్గింపులని, ఇంకా ఏవేవో. ఒక్కటీ తెరిచి లేదు.

"మీవి కదా. నేనెందుకు తెరుస్తా?" అన్నాడు. "తీసెయ్యడానికీ చెయ్యి రాలేదు. ఎప్పటికైనా పిలవాలి కదా అని."

"ఆ రోజు నేను అలా అని ఉండకూడదు భాయ్."

"ఏ రోజు?"

"పెట్టె రోజు."

"ఓ, అదా. ఈ పెట్టె మీది కాదన్నారు, అది మర్చిపోయాను నేను. రిపేరుకు ఇచ్చినవాళ్ళు సగం మంది అంటారా మాట. నన్ను నువ్వు అన్నారు చూడండి, అది మర్చిపోలేదు."

"అన్నాను."

"నలభయ్యేళ్ళలో ఒక్కసారి."

"ఒక్కసారే. అది కూడా అనకుండా ఉండాల్సింది. ఆ రీడ్లు బాగున్నాయి భాయ్. రెండు నెలలు వాయించేసరికి తెలిసిపోయింది."

"మరి రెండు నెలలకే రాకుండా మూడేళ్ళకెందుకు వచ్చారు?"

అప్పుడే మసీదు నుంచి సాయంత్రం నమాజుకు పిలిచే అసర్ అజాన్ వినిపించింది. ఆయన టోపీ తీసుకుని లేచాడు. "దుకాణం చూస్తూ ఉండండి. వచ్చాక మీ ఇంటికే పోదాం. పది నిమిషాల్లో వెయ్యాలంటున్నారు, నేనిక్కడా మీరక్కడా ఉంటే కుదరదు," అని వెళ్ళిపోయాడు.

ఆయన ఫోను బల్ల మీదే వదిలాడు. అది మోగింది. ఒకసారి ఊరుకున్నాను. రెండోసారి మోగితే తీశాను. గుడివాడ నుంచి ఎవరో, పెట్టె అయిందా అని. "భాయ్ నమాజుకు వెళ్ళారండీ, రాగానే చెబుతాను," అన్నాను. ఆయన తిరిగొచ్చాక చెప్పాను.

"గుడివాడ అండీ, రేపు వస్తారట."

"కేకవెయ్యాల్సింది మాస్టారూ, మసీదు ఎంత దూరం!" అన్నాడు టోపీ మడిచి జేబులో పెట్టుకుంటూ.

మేం పటమట చేరేసరికి అయిదు దాటింది. మా ఆవిడ తలుపు తీసి, ఆయన్ను చూసి, నా వంక చూసి, మళ్ళీ ఆయన్ను చూసింది.

"రండి భాయ్ గారూ! ఈయన్ను మీ దగ్గరికి తీసుకురావడానికి కంప్యూటరు కాలిపోవాల్సి వచ్చిందా? ముందే తెలిస్తే నేనే కాల్చేదాన్ని. టీ చక్కెర లేకుండానేనా అండీ?"

"చక్కెరతోనే ఇవ్వండమ్మా. మా ఇంట్లో ఇవ్వట్లేదు."

నేను బల్ల ముందు కూర్చుని కోడు పంపమని నొక్కాను. ఆయన ఫోను చూశాడు. ఏమీ రాలేదు. మా ముందు గదిలో ఆయన ఫోనుకు సిగ్నలు లేదు. గుమ్మంలోకి వెళ్ళాడు, లేదు. మెట్లెక్కి డాబా మీదికి పోయాడు. అక్కడ వచ్చింది. ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగి వచ్చి, చదివి, నేను వేసేసరికి గడువు దాటిపోయిందంది కంప్యూటరు. మోకాళ్ళ నొప్పుల మనిషి డాబా దిగడానికి పట్టే సమయం ఆ పది నిమిషాలు పెట్టినవాడికి తట్టి ఉండదు.

"దిగకండి భాయ్. అక్కడి నుంచే చెప్పండి," అన్నాను.

రెండోసారి నొక్కాను. మా ఆవిడ టీ గ్లాసు పట్టుకుని మెట్ల మలుపులో నిలబడింది. ఆయన డాబా మీద.

"మాస్టారూ! నాలుగు!"

"నాలుగటండీ!"

"వేశాను!"

"సున్నా! మళ్ళీ సున్నా!"

"రెండు సున్నాలా, ఒకటేనా భాయ్ గారూ?"

"రెండమ్మా!"

పక్కింటివాళ్ళు గోడ మీద నుంచి తొంగిచూశారు. ఆ కేక అదే. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టే ఉంటాడని కింద కూర్చున్న నాకు తెలిసిపోయింది. ఆరో అంకె వేసి నొక్కాను.

తీసుకుంది.

అకౌంటులో పాత కంప్యూటరు పేరుంది. దాన్ని తొలగిస్తున్నారా, ఈ పని వెనక్కి తీసుకోవడం కుదరదు, అని అడిగింది. అవునని నొక్కాను. కొత్తదానికి అనుమతి ఇస్తున్నారా అంది. ఇచ్చాను. సాఫ్ట్‌వేరు మూసి మళ్ళీ తెరిచాను. ఏ గడీ అడ్డం రాలేదు. పాటలన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి. తరంగం తెరిచి గొంతు ఒక్కటే ఉంచి మోగించాను. గురువుగారు ఊపిరి పీల్చుకున్న చప్పుడు, ఆ తరవాత మొదటి అక్షరం. భాయ్ మెట్లు దిగి వచ్చి గుమ్మంలో ఆగి విన్నాడు. మా ఆవిడ గ్లాసు పట్టుకునే నిలబడింది. టీ చల్లారిపోయింది. నా చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ వరస పూర్తయ్యేదాకా మౌసు ముట్టుకోలేదు.

కరెంటాఫీసు ఆవిడకు ఫోను చేశాను. పావుగంటలో వచ్చేశారు, మెడలో ఆఫీసు కార్డు తియ్యకుండానే. ఏం చెప్పాలో తెలియక రెండు రోజులుగా నేను ఆవిడ ఫోను తియ్యకపోతే ఆవిడ ఏమనుకున్నారో నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

చివరి భాగం వేగాన్ని నాలుగు మెట్లు తగ్గించి వినిపించాను. ఆవిడ నేల మీదే అడుగులు వేసి చూశారు.

"ఇంకాస్తండీ."

మరో మెట్టు తగ్గించాను. మృదంగం దెబ్బలు ఒక్కొక్కటే దాని చోట పెట్టుకుంటూ వచ్చాను. భాయ్ పక్కన కూర్చుని మోకాలి మీద తాళం వేస్తున్నాడు. ఒకచోట వేలు ఎత్తి, "అక్కడ వెంట్రుకవాసి ముందుంది మాస్టారూ," అన్నాడు. నిజమే. సరిచేశాను. మళ్ళీ మొదటి నుంచి వేశాం. ఆవిడ ఆఖరి అడుగు వేసి, నడుము మీద చేతులు పెట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడ్డారు.

"చివరిదాకా ఊపిరి ఉందండీ," అన్నారు.

"మరి పది నిమిషాల పనన్నాను కదమ్మా," అన్నాను. ముగ్గురూ నన్ను చూసి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

ఆదివారం కూచిపూడిలో వేదిక పక్కన సౌండు పెట్టె దగ్గర నేనూ భాయూ కూర్చున్నాం. గురువుగారు మొదటి వరసలో ఉన్నారు. తన గొంతు మోగగానే ఆమె చెయ్యి మోకాలి మీదికి వెళ్ళింది, తాళం మొదలైంది. నాకు వేదిక వైపు చూసే ధైర్యం లేక ఆ చేతినే చూశాను. చివరి భాగం వచ్చింది. వేగం తగ్గిన చోట ఆమె చెయ్యి అర క్షణం ఆగింది. తరవాత ఆ కొత్త నడకనే పట్టుకుంది. ఇక ఎక్కడా తప్పలేదు. పళ్ళెం నేల మీద గీసుకునే చప్పుడు, గజ్జెలు, చెయ్యి, మూడూ ఒకటిగా చివరిదాకా వెళ్ళాయి.

చప్పట్లు ఆగాక ఆవిడ వేదిక మెట్లు దిగి నేరుగా మా దగ్గరికి వచ్చారు. పళ్ళెం చంకలో ఉంది. కాటుక చెంపల మీదికి కారింది. రొప్పుతూ మా పక్కనున్న నీళ్ళ సీసా వైపు చెయ్యి చూపించారు. భాయ్ మూత తీసి ఇచ్చాడు. ఆవిడ నిలబడే సీసాడు నీళ్ళూ తాగారు.